కాలువ ఊరి దాకా వచ్చింది.. బోదె ఎవరు తవ్వాలి?

పంచాయతీలకు చేరిన ఇంటర్నెట్ తీగ - చివరి ఇంటికి అందని ఫలం - వైఫైని నిలబెట్టాల్సింది ఊరే

భీమవరం: డెల్టా రైతుకు శివారు భూమి అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నిండుగా ఉంటుంది. ప్రధాన కాలువ గట్లు ఒరుసుకుని పారుతుంది. అయినా చివరి తూము కింద ఉన్న చేనుకు తడి అందదు. గోదావరిలో నీళ్లు లేక కాదు. మధ్యలో బోదె పూడిపోయి, దాన్ని తవ్వించే నాథుడు లేక.

ఇంటర్నెట్ కథ కూడా ఇప్పుడు పల్లెల్లో ఇలాగే ఉంది. వేల కోట్లు ఖర్చు పెట్టి సర్కారు తీగ లాగింది. అది పంచాయతీ కార్యాలయం దాకా వచ్చింది. అక్కడి నుంచి రామాలయం వీధికి, దళితవాడకు, చేపల చెరువు గట్టుకు, లంకలోని పాకకు చేరే దారి మాత్రం చాలాచోట్ల లేదు. ఆ చివరి ఫర్లాంగు దూరాన్ని తీగ లేకుండా దాటించేదే వైఫై. రాబోయే రోజుల్లో ఇంకా వేగమైన యంత్రాలు వస్తాయి. ఆకాశం నుంచి కూడా ఇంటర్నెట్ దిగుతుంది. అయితే ఏ యంత్రం వచ్చినా, దాన్ని చూసుకునే మనిషి ఊళ్లో లేకపోతే అది పూడిపోయిన బోదెతో సమానమే. ఇరవై ఏళ్ల అనుభవం చెబుతున్నది ఇదే. ఆ అనుభవంలో కొంత మన భీమవరం పరిసరాల్లోనే జరిగిందన్న సంగతి చాలామందికి గుర్తు లేదు.

ఏ పనికైనా సిగ్నలే

ఇంటర్నెట్ అంటే సినిమాలు, ఆటలు, కాలక్షేపం అనుకునే రోజులు పోయాయి. రేషన్ బియ్యం తీసుకోవాలంటే డిపోలో యంత్రం మీద వేలు పెట్టాలి. ఆ వేలిముద్ర సరైనదో కాదో ఎక్కడో ఉన్న కంప్యూటరు చెప్పాలి. సిగ్నల్ లేకపోతే డీలరు చేతులెత్తేస్తాడు, వచ్చిన మనిషి ఖాళీ సంచితో తిరిగి పోతాడు. ఉపాధి పనుల హాజరును ఫోనులో ఫొటో తీసి నమోదు చేయడం 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. ధాన్యం అమ్ముకునే రైతు వాట్సాప్‌లోనే సమయం నమోదు చేసుకునే పద్ధతి మన రాష్ట్రంలో 2024 ఖరీఫ్‌లో వచ్చింది. 2025 జనవరి 30న ప్రారంభమైన 'మన మిత్ర' ద్వారా మొదటి విడతలోనే 161 సేవలను ఫోనులోకి తెచ్చారు.

ఇవన్నీ మంచివే. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గుతుంది. కానీ ఒక మెలిక ఉంది. కిటికీ మూసి ఫోను తెరిచినప్పుడు, ఫోను పనిచేయని చోట ఉన్నవాడికి రెండూ మూసుకున్నట్టే. ఇదివరకు సిగ్నల్ లేకపోతే మాట మాత్రమే ఆగేది. ఇప్పుడు బియ్యం ఆగుతుంది, కూలి ఆగుతుంది, పంట అమ్మకం ఆగుతుంది. చదువుకునే పిల్లల సంగతి సరేసరి. నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే ఆడవాళ్లు తమ పనితనాన్ని దూరదేశాల కొనుగోలుదారుకు నేరుగా చూపించుకోవాలన్నా దారి ఇదే.

చెరువుల రైతులకు దీని విలువ మరింత బాగా తెలుసు. తెల్లవారుజామున రొయ్యల చెరువులో ప్రాణవాయువు పడిపోతే గంటల్లో పంట తేలిపోతుంది. నీటిలో ప్రాణవాయువు ఎంత ఉందో కొలిచి రైతు ఫోనుకు హెచ్చరిక పంపే పరికరాలు ఉన్నాయి. విజయవాడలో 2012లో పుట్టిన ఎరువాక టెక్నాలజీస్ ఇలాంటి వాటిని తయారు చేసింది. పరికరం చెరువులో ఉంటే చాలదు. గట్టు మీద సిగ్నల్ ఉండాలి. లేకపోతే హెచ్చరిక చెరువులోనే ఉండిపోతుంది.

తీగ ఎంత దూరం వచ్చింది?

పల్లెలకు ఇంటర్నెట్ తీగ వేయాలని కేంద్రం 2011 అక్టోబరులో నిర్ణయించింది. ఆ పథకానికే తర్వాత భారత్‌నెట్ అని పేరు పెట్టారు. 2017 డిసెంబరు నాటికి లక్ష పంచాయతీలతో తొలి దశ పూర్తయింది. ఆ తర్వాత రెండు లక్షలు దాటింది. అయితే తీగ చేరిన చోటల్లా ఇంటర్నెట్ వాడకంలోకి రాలేదు. రోడ్డు పనులకు తవ్వితే తెగింది. కరెంటు లేక పెట్టె ఆగింది. చెడిపోతే బాగుచేసే మనిషి దూరంగా ఉన్నాడు. ఈ లోపాలు గుర్తించే 2023 ఆగస్టులో పథకాన్ని సవరించి, 1,39,579 కోట్ల రూపాయలు కేటాయించారు. ఇందులో పదేళ్ల నిర్వహణను కూడా చేర్చారు. తీగను ఒక వైపు నుంచే కాక వలయంలా వేయాలన్నది కొత్త నిబంధన. ఒక పక్క తెగితే రెండో పక్క నుంచి సరఫరా వస్తుంది.

మన రాష్ట్రం వేరే దారి తొక్కింది. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఇరవై వేల కిలోమీటర్లకు పైగా ఫైబర్ తీగ లాగింది. ఖర్చు బాగా కలిసివచ్చింది. వశిష్ఠ గోదావరికి అవతల, సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామంలో 2016 డిసెంబరులో ఇంటింటికీ ఈ తీగను ఇచ్చి చూశారు. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ చానళ్లు కలిపి ఇస్తామన్నారు. పొరుగున తెలంగాణలో మిషన్ భగీరథ తాగునీటి గొట్టాల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ కూడా వేశారు. ఒక తవ్వకంతో రెండు పనులు.

అంటే కాలువ పని చాలావరకు జరిగింది. మిగిలింది బోదె.

తీగ లేనిదంతా తీగ మీదే

వైర్‌లెస్ అనగానే అంతా గాలిలోనే నడుస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మీ ఫోనుకూ సెల్‌టవరుకూ మధ్య మాత్రమే గాలి. టవరు వెనక తీగో, మరో టవరు వైపు తిప్పిన డిష్షో ఉంటుంది. వెనక వచ్చే ధార సన్నగా ఉంటే ముందు ఎన్ని గీతల సిగ్నల్ కనిపించినా ఉపయోగం లేదు. ఫోనులో సిగ్నల్ నిండుగా ఉండి, పేజీ మాత్రం తిరుగుతూనే ఉండటానికి ఒక ముఖ్య కారణం ఇదే.

సెల్ కంపెనీలు వాడే తరంగాలను ప్రభుత్వం వేలం వేస్తుంది. వేల కోట్లు పెట్టి కొన్న కంపెనీ తప్ప మరొకరు వాటిని వాడరాదు. వైఫై తరంగాలు అలా కాదు. అవి ఊరి ఉమ్మడి పశువుల బీడు లాంటివి. నిబంధనలకు లోబడి ఎవరైనా వాడుకోవచ్చు. అమెరికాలో 1985లో ఇలాంటి తరంగాలను జనానికి వదిలేశారు. మన దేశంలో 2005లో ఒక పట్టీని, 2018లో మరో పెద్ద పట్టీని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. అందుకే వైఫై చవక. అందుకే ఒక కిరాణా కొట్టు యజమానీ, ఒక పంచాయతీ కూడా దాన్ని నడపగలవు.

మామూలు వైఫై పెట్టె వంద మీటర్ల లోపే పనిచేస్తుంది. అదే తరంగాలను గొడుగు లాంటి యాంటెన్నాతో ఒకే దిక్కుకు మళ్లిస్తే పదుల కిలోమీటర్లు పోతాయి. వెనిజులాలో 2007లో రెండు పర్వత శిఖరాల మధ్య 382 కిలోమీటర్ల దూరం దాటించారు. కావలసింది ఒక్కటే, రెండు కొసలూ ఒకదానికొకటి కనిపించాలి. కంటి చూపు తగిలితే చాలదు. ఆ చూపు చుట్టూ కూడా కొంత ఖాళీ ఉండాలి. పది కిలోమీటర్ల దూరానికి నడిమధ్యన అన్ని వైపులా ఏడు మీటర్ల ఖాళీ అయినా ఉంటే మంచిది. మన డెల్టాలో కొండలు లేవు, అది వరం. కొబ్బరి తోటలు మాత్రం అడ్డం. కొబ్బరి మట్టలకు పైన యాంటెన్నా ఉండాలంటే ఎత్తయిన స్తంభం కావాలి. ఊళ్లోని మంచినీళ్ల ట్యాంకు ఆ ఖర్చు తప్పిస్తుంది.

ఇరవై ఏళ్ల కిందటే మన దగ్గర

ఇదంతా ఎక్కడో జరిగే వింత కాదు. 2000 తర్వాతి తొలి దశాబ్దంలోనే భీమవరం చుట్టుపక్కల పల్లెలను ఇలాంటి వైఫై లంకెలతో కలిపారు. బైర్రాజు ఫౌండేషన్ నడిపిన ఆ పథకం పేరు 'అశ్విని'. ఊళ్లో తెర ముందు కూర్చున్నవారికి దూరంలోని వైద్యుడు సలహా చెప్పడం, పాఠం వినిపించడం వంటివి దాని ద్వారా జరిగేవి. అప్పటికి ఇంటర్నెట్ ఉన్న సెల్‌ఫోను పల్లెలో అరుదు. ఐఐటీ ఆచార్యులు భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు 2007లో ప్రచురించిన పరిశీలనలో కాన్పూరు వైపు తాము చేసిన ప్రయోగంతో పాటు మన 'అశ్విని'నీ వివరించారు. రేడియో పెట్టె ధర కంటే దాన్ని ఎత్తున నిలబెట్టే టవరు ఖర్చే ఎక్కువని వారు తేల్చారు.

2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడింది. ఆ సంస్థ వ్యవస్థాపక కుటుంబానికి చెందినదే ఈ ఫౌండేషన్. దాతృత్వపు ఊతం సన్నగిల్లాక అలాంటి సేవలు మునుపటిలా సాగలేదు. యంత్రం ఓడిపోలేదు. తరంగాలు మొరాయించలేదు. ఊరికి సొంతం కాని పని, ఇచ్చేవాడి చెయ్యి ఆగగానే ఆగింది.

తమిళనాడులో మరో ఉదాహరణ ఉంది. తేని పట్టణంలోని అరవింద్ కంటి ఆసుపత్రి ఆ రోజుల్లోనే చుట్టుపక్కల పల్లెల్లోని కంటి కేంద్రాలను దూరపు వైఫైతో కలుపుకుంది. రోగి తన పల్లెకు దగ్గరలో కూర్చుంటాడు, వైద్యుడు తెర మీద చూసి మందు రాస్తాడు, ఆపరేషన్ అవసరమైతేనే పట్నం రమ్మంటాడు. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం వారు ఈ ఏర్పాటుకు తోడ్పడ్డారు. తేనిలోనూ, హిమాచల్‌లోని ధర్మశాలలో 'ఎయిర్‌జల్దీ' పేరుతో నడిచే ఇలాంటి ఏర్పాటులోనూ వచ్చిన ఇబ్బందులను వారు 2008లో వివరంగా రాశారు. వారిని ఎక్కువ వేధించింది తరంగాలు కాదు, కరెంటు. ఓల్టేజి ఒక్కసారిగా పెరిగి పెట్టెలు కాలిపోయేవి. తగ్గిపోతే సగం ప్రాణంతో వేలాడేవి. స్థానికులకు పని నేర్పి, ఏ దీపం వెలిగితే ఏమిటి అర్థమో చెప్పి, చిన్న మరమ్మతులు వారి చేతిలోనే పెట్టాక ఏర్పాటు నిలదొక్కుకుంది.

కాలువకు లస్కరు ఉంటాడు. తూము తలుపు ఎత్తేదీ దించేదీ అతనే. గుర్రపుడెక్క అడ్డుపడితే ముందు చూసేదీ అతనే. ఇంటర్నెట్‌కూ ఊళ్లో ఒక లస్కరు కావాలన్నది ఈ ఉదాహరణలన్నిటి సారం.

ఎస్టీడీ బూతు గుర్తుందా?

ఒకప్పుడు ఊరికి ఫోను అంటే పోస్టాఫీసులో ఒకటి, కరణం గారింట్లో ఒకటి. ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకునేవారు. 1984లో సి-డాట్ సంస్థ ఏర్పడి, శ్యాం పిట్రోడా వంటివారు పల్లెకు తగిన ఎక్స్చేంజీలు రూపొందించాక పరిస్థితి మారింది. పసుపు రంగు ఎస్టీడీ బూతులు బజారుకొకటి వెలిశాయి. ఎందరో వికలాంగులు వాటి మీద కుటుంబాలు పోషించుకున్నారు. ఫోను ఇంట్లో లేకపోయినా ఊళ్లో అందరికీ ఫోను ఉన్నట్టే అయింది.

ఆ బూతు పద్ధతినే ఇంటర్నెట్‌కు తెచ్చిన పథకం పీఎం-వాణి. కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరు 9న ఆమోదించింది. దీని ప్రకారం టీకొట్టు, కిరాణా, మందుల షాపు ఎవరైనా వైఫై పెట్టె పెట్టుకుని డేటా అమ్మవచ్చు. దీన్ని పబ్లిక్ డేటా ఆఫీస్ అంటారు. లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ప్రభుత్వానికి ఫీజు లేదు. ఇలాంటి కొట్లను కలిపి లెక్కలు చూసే సంస్థ వేరే ఉంటుంది. వినియోగదారు ఒక యాప్ దింపుకుని, ఫోనుకు వచ్చిన ఓటీపీతో తాను ఎవరో ఒకసారి నిరూపించుకుంటే, పథకంలో చేరిన ఏ వైఫై దగ్గరైనా వాడుకోవచ్చు. అంతకు ముందు 2017లో ట్రాయ్ ప్రయోగాత్మకంగా చూసినప్పుడు రెండు రూపాయల నుంచి ఇరవై రూపాయల దాకా కూపన్లు అనుకున్నారు. షాంపూ పొట్లాం కొన్నట్టు డేటా కొనుక్కోవడమన్న మాట.

మరి ఎందుకు వ్యాపించలేదు? 2022 నాటికి దేశంలో కోటి పబ్లిక్ వైఫై కేంద్రాలు ఉండాలని 2018 నాటి జాతీయ విధానం లక్ష్యం పెట్టుకుంది. 2025 నాటికి కూడా పీఎం-వాణి కింద అందులో పదో వంతు రాలేదు. దీనికి రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, 2016 సెప్టెంబరులో జియో వచ్చాక సెల్ డేటా చౌక అయింది. కొట్టు దగ్గర డేటా కొనాల్సిన అవసరం చాలామందికి కలగలేదు. రెండోది అసలు చిక్కు. ఇంటికి ఇచ్చే ఫైబర్ లైను కొట్టుకు ఇవ్వడానికి కంపెనీలు ఒప్పుకునేవి కావు. ఖరీదైన ప్రత్యేక లైను తీసుకోమనేవి. దాని ధర ఇంటి లైను కంటే పదుల రెట్లు. రెండు రూపాయల కూపన్లు అమ్మే కొట్టు అంత భారం ఎక్కడ మోస్తుంది?

ఈ ముడి 2025 జూన్‌లో కొంత వీడింది. 200 ఎంబీపీఎస్ లోపు ఇంటి లైనుకు ఎంత వసూలు చేస్తున్నారో, కొట్టుకు దానికి రెట్టింపు మించి తీసుకోరాదని ట్రాయ్ ఆదేశించింది. ఇంటికి 500 రూపాయలైతే కొట్టుకు వెయ్యి దాటకూడదు. మరోపక్క 2024 జులైలో పెద్ద కంపెనీలు సెల్ ఛార్జీలు పెంచాయి. ఇంట్లో నాలుగు ఫోనులున్న కూలి కుటుంబానికి నెలనెలా నాలుగు రీఛార్జులు బరువే. ఊరి వైఫైకి మళ్లీ అర్థం వచ్చింది.

లెక్క వేసుకోవాలి

ఆశ పడే ముందు లెక్క చూసుకోవడం మంచిది. ఒక కొట్టు యజమాని నెలకు వెయ్యి రూపాయల లైను తీసుకున్నాడనుకుందాం. రోజుకు పది మంది ఐదేసి రూపాయల కూపన్లు కొంటే నెలకు 1,500 వస్తుంది. లైను, కరెంటు, మధ్య సంస్థ వాటా పోతే మిగిలేది తక్కువే. అంటే ఇది ఒక్కటే బతుకుతెరువు కాదు. కొట్టుకు వచ్చే బేరంతో కలిస్తేనే గిట్టుబాటు. ఎస్టీడీ బూతుల్లో కూడా చాలామంది పక్కన జిరాక్సో, కూల్‌డ్రింకులో పెట్టుకున్నారు కదా!

రెండో లెక్క పంపకం గురించి. వంద ఎంబీపీఎస్ లైను ఒక్కరికి ఏరు లాంటిది. ఇరవై మంది ఒకేసారి వీడియోలు చూస్తే తలా ఐదు వస్తుంది. వంద మంది కూర్చుంటే ఎవరికీ సరిగా రాదు. నీటి ఎద్దడి ఏడాది కాలువకు వంతులు పెట్టినట్టే, రద్దీ వేళల్లో రేషన్ డిపోకు, బడికి, ఆరోగ్య ఉపకేంద్రానికి ముందు వాటా ఇవ్వాలి. యంత్రంలో ఆ ఏర్పాటు ఉంటుంది. పెట్టించుకోవాల్సింది మనం.

మూడోది కరెంటు. ఆరుబయట పెట్టే వైఫై పెట్టెకు సుమారు పది వాట్లు సరిపోతుంది. చిన్న బల్బు ఖర్చు. 12 ఓల్టుల చిన్న బ్యాటరీ ఉంటే కరెంటు పోయినా ఐదారు గంటలు నడుస్తుంది. ఓల్టేజి అదుపు చేసే పరికరం, పిడుగు నుంచి కాపాడే ఎర్తింగ్ తప్పక ఉండాలి. వీటి దగ్గర పొదుపు చేస్తే మొదటి వానాకాలంలోనే పెట్టె పోతుంది.

పంచాయతీయే ముందుకు వస్తే

మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లా గిరిజన పల్లెల్లో ఐఐటీ బాంబే ఆచార్యుడు అభయ్ కరందీకర్ బృందం 'గ్రామ మార్గ్' పేరుతో ఒక ప్రయోగం చేసింది. టీవీ ప్రసారాల్లో వాడకుండా మిగిలిన తరంగాలను తీసుకుని పల్లెలకు ఇంటర్నెట్ అందించింది. అక్కడ అడవులు, గుట్టలు అడ్డం. ఆ తరంగాలు చెట్లను దాటి పోగలవు. సాంకేతికత కంటే వారి నిర్వహణ పద్ధతి మనకు ఎక్కువ పనికొస్తుంది. పంచాయతీ కొంత పెట్టుబడి పెడుతుంది. ఊరి యువకుడు ఒకరు వసూళ్లు, మరమ్మతులు చూస్తాడు. ప్రభుత్వ తీగ నుంచి సరఫరా వస్తుంది. ఈ పద్ధతికి 2017లో మొజిల్లా సంస్థ అంతర్జాతీయ పోటీలో ప్రథమ బహుమతి లభించింది.

స్పెయిన్‌లోని కాటలోనియా పల్లెవాసులు మరో అడుగు ముందుకు వేశారు. కంపెనీలు తమ ఊళ్లకు రాకపోయేసరికి 2004లో తామే యాంటెన్నాలు బిగించుకున్నారు. 'గిఫి' అనే ఆ ఉమ్మడి వలయంలో ఇప్పుడు ముప్పై వేలకు పైగా కేంద్రాలున్నాయి. ఎవరి ఇంటి మీది యాంటెన్నా వారిదే, దారి మాత్రం అందరిదీ.

మనకూ ఇది కొత్త కాదు. 1997 చట్టంతో మన రాష్ట్రంలో నీటి సంఘాలు వచ్చాయి. కాలువ నిర్వహణలో రైతుకు చోటు ఇచ్చారు. అవి అన్నిచోట్లా ఒకేలా పని చేయలేదు. చేసిన చోట మాత్రం శివారుకు నీళ్లు వచ్చాయి. అదే బుద్ధి ఇంటర్నెట్‌కూ వాడుకోవచ్చు. స్వయం సహాయక సంఘాల మహిళలు లక్షల రూపాయల పొదుపు లెక్కలు రాస్తున్నారు. వైఫై కూపన్ల లెక్క వారికి ఒక లెక్కా?

రాబోయే కొత్త దారులు

5జీ మన దేశంలో 2022 అక్టోబరు 1న ప్రారంభమైంది. వేగం బాగా ఎక్కువ. కానీ తరంగం పౌనఃపున్యం ఎంత ఎక్కువైతే అది అంత తక్కువ దూరం పోతుంది. జనం ఒత్తుగా ఉన్న చోట కంపెనీకి గిట్టుబాటు. పదిళ్లున్న లంకకు గిట్టదు. టవరు నుంచి ఇంటి డాబా మీది చిన్న యాంటెన్నాకు ఇంటర్నెట్ ఇచ్చే పద్ధతి 2023 నుంచి మార్కెట్లోకి వచ్చింది. తీగ రాని చోట ఇది మేలు. బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని 2025 సెప్టెంబరు 27న ప్రారంభించారు. లాభం లేని మారుమూలలకు టవర్లు వేసే బాధ్యత ఎక్కువగా ఈ సంస్థ మీదే ఉంది.

కాంతి కిరణంతో ఇంటర్నెట్ పంపడం మరో దారి. గూగుల్ మాతృసంస్థకు చెందిన 'ఎక్స్' మన రాష్ట్రంలో ఇలాంటి 2,000 పెట్టెలు పెట్టనున్నట్టు 2017 డిసెంబరులో ప్రకటించింది. ఒక్కో జత ఇరవై కిలోమీటర్ల దాకా పని చేయగలదన్నారు. అదే సాంకేతికతతో 2021లో ఆఫ్రికాలో కాంగో నదికి ఇటు బ్రాజవిల్ నుంచి అటు కిన్షాసాకు ఇంటర్నెట్ దాటించారు. వశిష్ఠ లాంటి పాయలను తీగ లేకుండా దాటడానికి ఇది అనువైన పద్ధతి. సంక్రాంతి పొగమంచు మాత్రం దానికి శత్రువు.

ఇక ఉపగ్రహాలు. పాత టీవీ ఉపగ్రహం దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. స్టార్‌లింక్ వంటివి 550 కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతాయి. అందుకే మాట ఆలస్యం కాదు. ఆ సంస్థకు 2025లో మన దేశంలో లైసెన్సు లభించింది. ఒక్కో ఇంటికి ఇది భారమే. ఊరికంతటికీ ఒక డిష్షు పెట్టి, కింద వైఫైతో పంచుకుంటే ఆ భారం తగ్గుతుంది. మళ్లీ బోదె దగ్గరికే వచ్చాం.

తుపాను వేళ

మన జిల్లాకు ఇది ప్రాణాలతో ముడిపడ్డ విషయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటుతో పాటు ఫోనులు మూగబోయాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలోనే తీరం దాటింది. స్తంభాల మీద వేసిన తీగ చవకే కానీ, స్తంభం కూలితే తీగా తెగుతుంది. అందుకే తుపాను కేంద్రాల్లో ఒక్క దారిని నమ్ముకోకూడదు. తీగ ఒకటి, తీగ లేని లంకె ఒకటి, బ్యాటరీ, దాన్ని నింపే సోలారు పలక ఉండాలి. గాలివాన వెలిసిన మొదటి రోజున సాయం ఎక్కడికి కావాలో చెప్పగలిగిన ఊరికే సాయం ముందు చేరుతుంది.

భయాలు, జాగ్రత్తలు

టవర్లు, వైఫై పెట్టెల వల్ల జబ్బులు వస్తాయన్న భయం పల్లెల్లో ఉంది. మన దేశం 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ల రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించింది. వైఫై పెట్టె శక్తి టవరుతో పోలిస్తే చాలా తక్కువ. అసలు భయపడాల్సింది దొంగలకు. ఉమ్మడి వైఫై మీద ఉన్నప్పుడు తెలియని లంకె నొక్కవద్దు. వైఫై యాప్‌లో మీరే అడిగి తెప్పించుకున్న ఓటీపీని అక్కడే కొట్టండి, మరొకరికి చెప్పవద్దు. బ్యాంకు పిన్ను, పాస్‌వర్డు అడిగే వైఫై నిజమైనది కాదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బు దొరికే ఆశ తగ్గుతుంది.

గ్రామసభలో అడగండి

ఏం చేయాలన్నది ఇక ఊరి చేతిలో ఉంది. వచ్చే గ్రామసభలో కొన్ని ప్రశ్నలు అడగండి. మన పంచాయతీకి ఫైబర్ తీగ వచ్చిందా? వస్తే పెట్టె వెలుగుతోందా? చివరిసారి ఎప్పుడు చెడింది, ఎన్నాళ్లకు బాగయింది? దాని బ్యాటరీ ఎవరు చూస్తున్నారు? బడికి, రేషన్ డిపోకు, ఆరోగ్య ఉపకేంద్రానికి అక్కడి నుంచి లంకె ఉందా? మంచినీళ్ల ట్యాంకు మీద యాంటెన్నా పెట్టుకోవడానికి తీర్మానం చేయగలమా? పీఎం-వాణి కింద వైఫై పెట్టడానికి ఊళ్లో ఏ కొట్టు, ఏ మహిళా సంఘం సిద్ధంగా ఉన్నాయి? అన్నిటికంటే ముఖ్యంగా, ఈ పనికి బాధ్యుడుగా ఎవరి పేరు రాస్తున్నాం?

ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు లేకపోతే ముందున్న వాటికి ఎన్ని జవాబులున్నా ప్రయోజనం లేదు. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేసి గోదావరిని కాలువల్లోకి మళ్లించాడు. చేను దాకా తెచ్చుకున్నది మాత్రం ఏటా పలుగూ పారా పట్టుకుని బోదెల్లోకి దిగిన మన తాత ముత్తాతలు. ఇంటర్నెట్ కాలువ పంచాయతీ గుమ్మం దాకా వచ్చింది. అక్కడి నుంచి ఊరు పని మొదలుపెట్టాలి.